రుబ్బురోలు దించిన బండి

పరదేశి స్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా సందేహం అడిగితే, "అలాగే, ముందు ఆ పని కానీ" అనేవారు. ఏ పని అన్నది అడిగినవాళ్ళే తేల్చుకోవాలి. పాడేరు కొండల్లో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో శిష్యులు తక్కువ కావడానికి ఇదీ ఒక కారణమే.

ఉన్నవాళ్ళలో దాలినాయుడికి స్వామి అంటే ప్రాణం. అతనికున్న చిక్కల్లా దొడ్డమ్మ నూకరత్నం. తల్లి పోయాక అతన్ని పెంచిన పెద్దమ్మ. ఆశ్రమానికీ వెంటే వచ్చేసింది. అతను కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే చాలు, "ఒరే దాలీ, ఏటైనా తిన్నావేట్రా?" అని వినిపించేది. పుష్యమాసంలో ఒక ఉదయం అతను స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, ఈ బంధం దింపుకుంటే తప్ప నా మనసు పైకెక్కేలా లేదు. దొడ్డమ్మని మావయ్య ఇంట్లో దిగబెట్టి వస్తాను. తప్పంటారా?"

"ముందు ఆ పని కానీ," అన్నారు స్వామి. "నేనూ వస్తాను, పద."

ఆశ్రమం పికప్ వ్యానులో ముందు ముగ్గురూ సర్దుకున్నారు, నడిపేది దాలినాయుడు. వెనక తొట్టిలో ఆవిడ బట్టల పెట్టె, రుబ్బురోలు, నాలుగు ఖాళీ గోనెసంచులు. రోలు వదిలి రానని ఆవిడ మొండికేసింది. వెళ్ళడమే ఇష్టం లేదన్న మాట మాత్రం నోటినుంచి రానివ్వలేదు.

వాగు దాటగానే ఎత్తు మొదలైంది. రాత్రంతా కురిసిన మంచుకి ఎర్రమట్టి దారి నూనె రాసినట్టుంది. కొంచెం ఎక్కేసరికి బండి ఆగిపోయింది; వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. బరువెక్కువై లాగలేకపోతోందనుకున్నాడు దాలినాయుడు. ఇద్దర్నీ దింపాడు, పెట్టె దింపాడు, కిందామీదా పడి రోలూ దింపాడు. తేలికైంది కదా అని గట్టిగా ముందుకు పోనివ్వబోయాడు. ఈసారి చక్రాలు మరీ పిచ్చిగా తిరిగాయి, బండి వెనక భాగం లోయ వైపు జారింది. దొడ్డమ్మ కేక పెట్టింది. అంచు ఇంకో జానెడు ఉందనగా బండి ఆగింది. దాలినాయుడు బ్రేకు బిగించి కిందికి దూకాడు.

స్వామి తాపీగా వెనక్కి వెళ్ళి ఖాళీ తొట్టిని తట్టారు. "ఇంజను బరువంతా ముందుంది. బండిని తోసే చక్రాలేమో ఇక్కడున్నాయి. వీటి మీద ఏముందని ఇవి నేలని పట్టుకుంటాయి?"

చక్రాల కింద రాళ్ళు పెట్టారు. వాగు ఇసుకతో గోనెసంచులు నింపి మోసుకొచ్చి, సరిగ్గా వెనక చక్రాల పైన పేర్చి తాడుతో బిగించారు. పెట్టె, రోలు మళ్ళీ ఎక్కాయి. ఎవరూ చెప్పకుండానే దొడ్డమ్మ కొంగు బిగించి సంచుల మీదెక్కి కూర్చుంది.

"దిగు దొడ్డమ్మా, పక్కనే లోయ!" అన్నాడు దాలినాయుడు.

"నువ్వు బండిలో ఉంటే నాను గట్టు మీద నిలబడి సూత్తానేటి? పోనీరా!"

స్వామి కూడా నవ్వుతూ ఆవిడ పక్కన చేరారు. బండి ఒకసారి మూలిగి, నేలని కరుచుకుని, మెల్లగా ఎత్తు ఎక్కేసింది.

పైన ఆపి దాలినాయుడు వెనక్కి వచ్చాడు. మావయ్య ఊరికి పోయే దారి ఎదురుగా చదునుగా కనిపిస్తోంది. దొడ్డమ్మ అతని అరచేతులు అందుకుని, "సల్లబడిపోయావురా నాయినా" అంటూ రుద్దడం మొదలుపెట్టింది. అతనికి ఏడుపు ఆగలేదు. ఈ మనిషినా తాను వదిలించుకోవాలనుకున్నది అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దింపి, ముందు సీట్లో కూర్చోబెట్టి, బండిని ఆశ్రమం వైపు తిప్పాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఎక్కడం అయిపోయింది కదా స్వామీ. ఆ ఇసుక బరువు ఇక్కడే దింపెయ్యనా?"

స్వామి కిందికి పోయే దారిని ఒకసారి చూశారు.

"ఉండనీ నాయనా. దిగేటప్పుడే పట్టు ఇంకా కావాలి."