క్లచ్ మీద కాలు

పెద్దింట్లో ఏది పాడైనా ముందు పనివాణ్ణే పట్టుకుంటారు. జువ్వలపాడు జమీందారూ అంతే. డ్రైవరు అప్పలకొండ నెల్లాళ్ళు జ్వరంతో మంచాన పడి, లేచి పనిలోకి వచ్చాడు. కారు తీయబోయి, "క్లచ్ చెడింది దొరా" అని చెప్పగానే జమీందారు విరుచుకుపడ్డాడు.

"చెడగొట్టింది నువ్వే! నువ్వు వెళ్ళాక ఆ కారు ఎవరూ ముట్టుకోలేదు. రేపటినుంచి పనిలోకి రాకు."

పక్కనే ఉన్న బావమరిది జగపతి మీసం దువ్వాడు. "నేనైతే ఆ సీట్లో కూర్చోనైనా లేదు బావా."

నౌకర్లంతా చూస్తున్నారు. అప్పలకొండ తల దించలేదు.

"పోతాను దొరా. పోయేముందు రోగమేదో తేల్చి పోతాను. చినబాబుగారూ, మీరొకసారి ఆ క్లచ్ పెడలు తొక్కి, గట్టిగా ఉందో మెత్తగా ఉందో చెప్పండి."

జగపతి విసుగ్గా ఎక్కి కూర్చుని తొక్కాడు. "మెత్తగా ఉంది, అంతే!" అంటూనే బూటు మొన పెడలు కిందికి దూర్చి పైకి లేపాడు.

"అది తనంతట తాను పైకి రాదని మీ కాలికెవరు చెప్పారు బాబూ? చెడిందన్నానే గాని, ఎలా చెడిందో నేనెవరికీ చెప్పలేదే!"

జమీందారు బావమరిదిని దింపి, తానే కూర్చుని తొక్కి కాలు తీశాడు. పెడలు అడుగునే ఉండిపోయింది.

"సరేలేరా, పనిలో ఉండు" అని గొణిగాడు జమీందారు.

"ఉంటాను దొరా. పొమ్మన్న మాట వీధి చివరిదాకా వినబడింది. ఉండమన్న మాట కూడా అంత గట్టిగానే అనండి."

నౌకర్లందరి ముందూ జమీందారు ఆ మాట గట్టిగానే అనాల్సి వచ్చింది.