తెల్ల రొమ్ము పిట్ట

ఫ్లోరిన్‌కి ఒకటే దిగులు. తను గీసిన పిట్ట రొమ్ము ఎంతకీ తెల్లగా కనిపించడం లేదు.

ఆల్ప్స్ కొండల కింద ఒక పాత మఠం. చుట్టుపక్కల కూసే పిట్టలన్నిటినీ నీటిరంగుల్లో గీసి, అక్కడి సన్యాసులు ఒక పెద్ద పుస్తకం కూరుస్తున్నారు. వాగు పిట్ట ఫ్లోరిన్ వంతుకి వచ్చింది. గుప్పెట్లో పట్టేంత పిట్ట. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, రొమ్ము మాత్రం తెలుపు. నీళ్ళలో మునిగి అడుగున నడుస్తుంది, పైకొచ్చి రాయి మీద నిలబడి పాడుతుంది. పొగమంచులో దాన్ని చూస్తూ కూర్చుంటే ఫ్లోరిన్‌కి తను మెలకువగా ఉన్నాడో కల కంటున్నాడో తెలిసేది కాదు.

తెల్లరంగు వేయొద్దని, తెలుపు కావలసిన చోట కాగితాన్నే ఖాళీగా వదిలేయమని గురువు ఉర్బాన్ చెబుతూనే ఉండేవాడు. ముసలాయనకి చూపు మందగించిందని ఫ్లోరిన్ తీర్మానించుకున్నాడు. పుస్తకంలోకి వెళ్ళే బొమ్మల్ని మఠాధిపతి ఏరే రోజు దగ్గరపడింది. మొదటి పేజీ తనకే దక్కాలని అతని ఆశ. సీసంతో చేసిన తెల్లరంగు తెచ్చి, ఎవరూ చూడకుండా రొమ్ముకి పూసేశాడు. పిట్ట ధగధగలాడింది. తన చేతిని తనే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఉర్బాన్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. పెట్టె అడుగునుంచి ఒక పాత కాగితం తీసి దాని పక్కన పరిచాడు. అదే వాగు, అదే రాయి. రాయి మీద పిట్ట రొమ్ము మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉంది.

"ఇదేం పిట్ట, గురువుగారూ? మన వాగు దగ్గర నేనెప్పుడూ చూడలేదు."

"నీ పిట్టే. నలభై ఏళ్ళ కిందట నేను గీశాను. వేసిన రోజున మంచుకన్నా తెల్లగా ఉండేది."

ఫ్లోరిన్ ఆ నలుపును వేలితో తాకబోయి ఆగిపోయాడు.

"అప్పుడు నాకూ కాగితం తెలుపు చాలలేదు, సీసం రంగే పూశాను," అన్నాడు ఉర్బాన్.

గంట మోగింది. అందరూ తమ తమ బొమ్మలు పట్టుకుని మఠాధిపతి దగ్గరికి బయలుదేరారు. ఫ్లోరిన్ వెళ్ళలేదు. సిగ్గుతో కళ్ళు మండుతుంటే కొత్త కాగితం తీసుకుని వాగు ఒడ్డుకి నడిచాడు. పొగమంచులో పిట్ట ఎక్కడుందో కనబడలేదు, పాట మాత్రం వినబడుతోంది. కాగితం మీద రాయి గీశాడు, రెక్కలు గీశాడు, తోక గీశాడు. రొమ్ము దగ్గరికి వచ్చేసరికి కుంచె కడిగి పక్కన పెట్టేశాడు.