పెదవులు చెప్పిన పేరు

అనగనగా సముద్రపు ఒడ్డున, మడ అడవి పక్కన ఒక ఊళ్ళో మరిడమ్మ అని ఒకావిడ ఉండేది. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి ఆవిడకి చెవులు పోయాయి. గొంతు మాత్రం ఖంగుమనేది. ఎదుటివాళ్ళ నోళ్ళు చూసి మాటలు పోల్చుకునేది, మహా గడుసుది.

అయినా ఒక్కోసారి బోల్తా పడేదిలే! ఓసారి అత్తగారు "పాపకి ఆకలేస్తోందే" అంటే, వెళ్ళి మామకి అన్నం వడ్డించింది. ప అన్నా, బ అన్నా, మ అన్నా పెదవులు ఒకేలా కలుస్తాయి కదమ్మా! ఊరంతా పడీపడీ నవ్వింది. నువ్వు నవ్వకు మరి.

ఒకనాడు గాలివానకి ఏ దేశానిదో పడవ పగిలి, ఒకామె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కాలు విరిగింది. అరిచి అరిచి గొంతు పోయింది. చెయ్యి మోకాలి ఎత్తున పెట్టి చూపించింది, అడవి వైపు చూపించింది. అయ్యో, ఆమె బిడ్డ అక్కడుంది! పోటు వస్తే మడ అడవి మునిగిపోతుంది.

అప్పుడు మగవాళ్ళు పరుగెత్తి "పాపా! పాపా!" అని కేకలేశారు. కొత్త మనుషుల్ని చూసి ఆ పిల్ల బెదిరి ఇంకా లోపలికి దూరింది. "పేరు పెట్టి పిలిస్తే గానీ రాదురా" అన్నాడు ఊరిపెద్ద సూరన్న.

తల్లి నోరు కదుపుతోంది, చప్పుడు లేదు. మరిడమ్మ ఎదురుగా కూర్చుని చూసింది. పెదవులు కలిశాయి, పక్కలకి సాగాయి. నాలుక కొస పళ్ళ వెనక తగిలి, నోరు తెరుచుకుంది. చివర 'ఈలా' అని పోల్చుకుంది. ఏ దేశం మనిషికైనా నోరు నోరేగా! ఆమెకీ మనకీ పెదవులు కలిసే చోటు ఒకటే. కానీ మొదటి అక్షరం 'ప'నా, 'బ'నా, 'మ'నా?

"మూడూ పిలిస్తే పోలా!" అని కొంగు బిగించి పరుగెత్తింది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి "పీలా!" అంది. ఎవరూ రాలేదు. ఆ తర్వాత "బీలా!" అంది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. చెట్ల వేళ్ళ సందుల్లోకి చూస్తూ "మీలా!" అంది.

అప్పుడు నీళ్ళకి పైనున్న ఒక వేరు వెనకనించి చిన్న తలకాయ బయటికొచ్చింది.

హమ్మయ్య! చంకనెత్తుకుని తెచ్చి తల్లి ఒళ్ళో వేసింది. నవ్విన అత్తగారే కళ్ళొత్తుకుంటూ "పాపకి అన్నం పెట్టవే" అంది.

ఈసారి మరిడమ్మ తడబడలేదు. ముందు పాపకి పెట్టింది. ఎందుకైనా మంచిదని మామకీ పెట్టిందనుకో!

కథేమో కంచికి, మీలా అమ్మ ఒడికి, నా బంగారుతల్లి నిద్దరకి!