నూనె చేతులతో నలుగు పాట

పెళ్లిపాటలు నేర్పే సీతారత్నంగారిని ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. ఒకరోజు శిష్యురాలు వనజాక్షి అడిగేసింది.

"అమ్మగారూ, నలుగు పాట ఫోన్లో మూడుసార్లు రికార్డు చేసుకున్నాను. అందులోనే రాసి పెట్టుకున్నాను కూడా. అయినా మొదటి చరణం దాటితే ముక్క నోటికి రాదు. ఈ ఫోను నాకు సాయం చేస్తోందా, చెడగొడుతోందా?"

"మీ రేవతి నలుగుకి వస్తానుగా. అప్పుడు చూద్దాంలే" అన్నారావిడ.

రేవతి వనజాక్షి చెల్లెలి కూతురు. తల్లి పోయాక పెద్దమ్మే పెంచింది. వాళ్లింట్లో నలుగు పాట పెళ్లికూతురి తల్లే పాడాలి. ఆ తల్లి బదులు కూర్చుని మధ్యలో ఆగిపోతే పిల్ల మనసు ఎంత చివుక్కుమంటుందోనని వనజాక్షికి వారం రోజులుగా తిండి సయించలేదు.

ఆ ఉదయం రేవతిని పీట మీద కూర్చోబెట్టారు. వనజాక్షి ఫోన్ని నలుగుపిండి గిన్నెకి ఆనించి, పాట తెరిచి పెట్టుకుంది. సీతారత్నంగారు పక్కనే చేరి, మాటామంతీ లేకుండా నువ్వులనూనె తీసి వనజాక్షి రెండు అరచేతుల్లోకీ ఒంపేశారు.

"ఊఁ, కానీ."

నుదుటికి రాస్తూ మొదటి చరణం పాడేసరికి ఫోన్ తెర ఆరిపోయింది. వేలు పెట్టింది. జిడ్డు వేలికి తాళం తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. ఊహూఁ.

"ఏం వదినా, పాటకి సిగ్నల్ అందట్లేదా?" అంది ఆడపడుచు నాగమణి. అందరూ గొల్లున నవ్వారు.  వనజాక్షి గురువుగారి వైపు చూస్తే ఆవిడ పెళ్లికూతుర్నే చూస్తున్నారు.

"పెద్దమ్మా, బుగ్గలకి రాయవా?" అంది రేవతి మెల్లగా.

బుగ్గ మీద చెయ్యి పడింది. బుగ్గల చరణం దానంతటదే వచ్చేసింది. మెడ దగ్గరికొస్తే మెడది. తర్వాత చేతులది. నలుగు పెట్టే వరసలోనే ఆ పాట కట్టారు మరి! ఇన్నాళ్లూ తెర చూస్తూ వల్లించిన వనజాక్షికి ఆ సంగతి తట్టనే లేదు. పాదాల దగ్గర ఆఖరి చరణం అయ్యేసరికి రేవతి కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. "అమ్మయ్య!" అని వనజాక్షి గుండె నిండా గాలి పీల్చుకుంది.

అంతలో ఫోన్ మోగింది. గభాల్న చేతులు కొంగుకి తుడవబోయింది.

"కొత్తచీరే, మరకవుతుంది" అన్నారు సీతారత్నంగారు. "నూనె వదిలేదాకా నిదానంగా కడుక్కో."