మూత మీద అవ్వ

ఓబులేసుకు ఎవరి మీదా నమ్మకం కుదరదు. కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్టు మనుషుల్ని కొట్టి చూసే రకం. గురువుల్ని కూడా వదల్లేదు మహానుభావుడు. మొదటాయన ధ్యానంలో గురక పెట్టాడని వదిలేశాడు. రెండో ఆయన దర్జీతో గొడవ పడ్డాడని వదిలేశాడు. మూడో ఆయనలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అదేంటబ్బా అని అనుమానమొచ్చి అక్కణ్ణించీ వచ్చేశాడు.

ఇప్పుడు రాయచోటిలో హుసేన్‌బీ అవ్వ దగ్గర చేరాడు. సూఫీ దారిలో పండిన మనిషని ఆమెకు పేరు. ఏ మతం వాళ్ళయినా వచ్చి ఆమె ముందు కాసేపు కూర్చుంటారు, మనసు తేలిక చేసుకుని పోతారు. ఓబులేసు మాత్రం ఆమె తినేదీ, కసిరేదీ, నవ్వేదీ గమనిస్తూ, ఈమెయినా అసలు గురువేనా అని లోలోపల తూకం వేస్తూనే ఉన్నాడు.

అవ్వ ఇంటి వసారాలో ఒక ఫ్రీజర్ ఉంది. మూత పైకెత్తి తెరిచే పెట్టె. ఐస్‌క్రీం అంగడి ఎత్తేసిన భక్తుడొకడు ఇచ్చిపోయాడు. ఎండాకాలంలో వీధి వీధంతా అందులోంచే ఐసు ముక్కలు పట్టుకుపోయేది.

ఈసారి మాత్రం అందులో ఐసు లేదు, పాలున్నాయి. పక్కింటి గౌసియాకు నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. బిడ్డ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. తల్లి పాలు పిండి పంపితే నర్సులు గొట్టంతో పడుతున్నారు. ఇంతలో గౌసియాకే జబ్బు చేసి గట్టి మందు పడింది. ఆ మందు తిన్నన్నాళ్ళు పాలు బిడ్డకు పనికిరావన్నారు డాక్టర్లు. అంతకుముందు పిండి, చిన్న చిన్న ప్యాకెట్లలో గడ్డ కట్టించి అవ్వ ఫ్రీజర్లో దాచిన పాలే ఇప్పుడు ఆ బిడ్డకు దిక్కు.

అలాంటి ఫ్రీజర్ ఒకరోజు పొద్దున్నే చప్పుడు ఆపేసింది.

"ఓబులేసూ, మెకానిక్కును పిలుచుకోని రా నాయనా" అంది అవ్వ.

మన వీధి చివరే రెడ్డెయ్య అని ఫ్రిజ్జులు బాగుచేసే అతను ఉన్నాడు. కానీ ఓబులేసు అటు వెళ్తేనా! ఎప్పుడు చూసినా టీ బంకు దగ్గర కూర్చుని ఉంటాడు, పనితనం ఉన్నవాడికి అంత తీరికెక్కడిది అని అతని వాదన.

ముందు కంపెనీకి ఫోన్ చేశాడు. ఎల్లుండి వస్తామన్నారు. తర్వాత కడపలో ఎవరో పెద్ద మెకానిక్కు నంబరు పట్టాడు. లోపల ఎలా ఉందో వీడియోలో చూపించమన్నాడు ఆ పెద్దమనిషి. ఓబులేసు మూత ఎత్తి, ఫోను లోపలికి దించి, నాలుగు మూలలా తిప్పి చూపించాడు. కంప్రెసర్ పోయింది, కొత్త పెట్టె కొనుక్కోండి అని అతను ఫోను పెట్టేశాడు. నమ్మకం కలగక మదనపల్లెలో ఇంకో మెకానిక్కు నంబరు పట్టాడు. మళ్ళీ మూత ఎత్తాడు.

ఎండ ఎక్కుతోంది. చేసేది లేక చివరికి రెడ్డెయ్యనే పిలుచుకొచ్చాడు.

రెడ్డెయ్య పెట్టెను గోడ నుంచి జరిపి, వెనక రేకు విప్పాడు. ఓబులేసు అతని నెత్తి మీదే నిలబడ్డాడు.

"ఇట్లాంటిది ఇంతకుముందు చేసినావా?"

"చేసినా సామీ."

"ఎవురింట్లో? వాళ్ళ ఫోన్ నంబరుందా?"

రెడ్డెయ్య లోపలి తీగలు తడుముతూ పోయాడు. ఓబులేసు మూత ఎత్తి ఒక ప్యాకెట్టు నొక్కి చూశాడు. కాసేపాగి మళ్ళీ ఎత్తాడు.

"మూత ఎత్తద్దు సామీ, ఉండే చల్లదనం కూడా పోతాది."

"చూడకపోతే ఎట్ల తెలుస్తాదప్పా? నువ్వు బాగుచేస్తాండావో చెడగొడతాండావో!"

అంతే. రెడ్డెయ్య స్క్రూడ్రైవరు సంచిలో పడేసి లేచాడు. "అంత తెలిసినోడివి నువ్వే చేసుకో" అని విసవిసా వెళ్ళిపోయాడు.

అప్పుడే గౌసియా గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. జ్వరంతో కళ్ళు గుంటలు పడ్డాయి. ఎవరో చెప్పినట్టున్నారు. "అవ్వా, పాలు..." అంది. పాపం, ఆ పిల్ల ముఖం చూస్తే రాయి కూడా కరుగుతుంది.

ఓబులేసు కంగారుగా మూత ఎత్తబోయాడు, ఎంత మిగిలిందో ఆమెకు చూపిద్దామని.

హుసేన్‌బీ అవ్వ గోడవారగా ఉన్న పీట లాక్కుంది. దాని మీద కాలు పెట్టి, ముక్కుతూ మూలుగుతూ ఎక్కి, ఫ్రీజర్ మూత మీద చతికిలబడి కూర్చుంది.

"అవ్వా! ఇదేంది?"

"పో, రెడ్డెయ్యను పిలుచుకోని రా."

"వాడు రాడవ్వా, కోపంగా ఉండాడు."

"వచ్చేటట్టు పిలువు."

ఓబులేసు వెళ్ళాడు. టీ బంకు దగ్గర నలుగురి ముందు ఏం చెప్పాడో, ఎలా బతిమాలుకున్నాడో మనకెందుకు గానీ, రెడ్డెయ్యతో కలిసి తిరిగొచ్చాడు. ఈసారి సంచి ఓబులేసు చేతిలో ఉంది.

రెడ్డెయ్య వెనక కూర్చుని పని చూసుకున్నాడు. కంప్రెసర్‌కు కరెంటు అందించే చిన్న రిలే కాలిపోయి ఉంటే, అది తీసి కొత్తది వేశాడు. పెట్టె ఒకసారి వణికి, గుర్రుమంది. "పొద్దు గుంకేదాకా తెరవద్దండి" అని చెప్పి వెళ్ళాడు.

అవ్వ దిగలేదు. మధ్యాహ్నం సంగటి కూడా మూత మీదే కూర్చుని తింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో అక్కణ్ణించే మాట్లాడింది.

ఓబులేసుకు మాత్రం కాలు నిలవలేదు. చుట్టూ తిరిగాడు, చెవి ఆనించి విన్నాడు. ఆఖరికి ఉండబట్టలేక, "ఒక్కసారి దిగవ్వా, ఒక్కటే ఒక్కసారి. గడ్డ కడతాందో లేదో చూసి మూసేస్తా" అన్నాడు.

"దిగను."

"నీకు భయం లేదా అవ్వా?"

"ఎందుకుండదు? బిడ్డ ఆకలి రా అది. పొద్దున్నించీ గుండె దడదడలాడతానే ఉండాది" అంది అవ్వ. అని, కాళ్ళు ఇంకాస్త దగ్గరికి తీసుకుని కూర్చుంది.

పొద్దు గుంకింది. గౌసియా మొగుడు ఆసుపత్రికి పాలు తీసుకుపోవడానికి ఐసు డబ్బాతో వచ్చాడు, వెనకే గౌసియా. అవ్వ ఓబులేసు భుజం పట్టుకుని దిగింది. గౌసియా "బిస్మిల్లా" అనుకుంటూ మూత ఎత్తింది.

పైనున్న ప్యాకెట్లు కొన్ని పొద్దున మూత ఎత్తినప్పుడల్లా మెత్తబడి పాడయ్యాయి. వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అడుగునున్నవి తీసి ఒకదానికొకటి తాటించింది. రాళ్ళలా టకటకమన్నాయి. గౌసియా వాటిని గుండెకు హత్తుకుని బావురుమంది. చలికి చేతులు కొంకర్లు పోతాయే అని అవ్వ కసురుతున్నా వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక ఓబులేసు మెల్లగా అడిగాడు.

"అవ్వా, రెడ్డెయ్య బాగా చేస్తాడని నీకు ముందే తెలుసా?"

"తెలీదు."

"మరి?"

"నువ్వు తెలుసుకుంటా ఉంటే పాలు కరుగుతాండె. అది మాత్రం నా కండ్లతో చూసినా."

ఓబులేసుకు తాను వదిలేసి వచ్చిన ముగ్గురు గురువుల ముఖాలూ వరసగా గుర్తొచ్చాయి.

అవ్వ గోడకు ఆనుకుని కూలబడి, తిమ్మిరెక్కిన కాళ్ళు చాచి "యా అల్లా" అంది. ఓబులేసు ఇంతవరకూ ఏ గురువు కాళ్ళూ పట్టినవాడు కాదు. నేల మీద కూర్చుని, ఆమె పాదం ఒళ్ళోకి తీసుకుని పట్టడం మొదలుపెట్టాడు.