పసుపు మరకకు వీధి ఎండ

సత్యవేణి టీచరుగారిని ఎవరైనా ఒక ప్రశ్న అడగాలంటే, ముందు ఆ ప్రశ్నకు ఊరూ పేరూ ఉండాలి. "మనిషి ఎందుకు బాధపడతాడండీ?" అని అడిగితే "ఏ మనిషి? ఏ వీధి?" అంటారావిడ. ముప్ఫై రెండేళ్లు అనకాపల్లిలో పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పి, రిటైరైన తర్వాత ప్రతి గురువారం సాయంత్రం తమ ఇంటి ముందుగదిలో మాకు గీత చెబుతున్నారు. పాఠం మారింది గాని పద్ధతి మారలేదు. ఎదుట ఒక వస్తువంటూ లేకుండా ఏదీ చెప్పరు. మాలో కొందరికి ఇది నచ్చదు. పెద్ద పెద్ద ప్రశ్నలను ఇస్త్రీ చేసి మరీ పట్టుకొచ్చేవాళ్లకు అసలే నచ్చదు.

ఒక గురువారం పైడిరాజుగారు లేచి నిలబడ్డారు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. తొమ్మిదో తరగతిలో టీచరుగారి శిష్యుడు, అరవై నాలుగో ఏట మళ్లీ శిష్యుడు. మామూలుగా ఆయన ప్రశ్న అడిగితే మైకులో రైలు వస్తోందని చెబుతున్నట్టే ఉంటుంది. ఆవేళ మాత్రం ముందు వరుసకే సరిగ్గా వినబడలేదు.

"టీచరుగారూ, మనవల్ల ఒక తప్పు జరిగిందనుకోండి. దాన్ని గుట్టుగా మనమే సరిదిద్దేసుకుంటే చాలదా? నలుగురిలో పెట్టుకోవాలా?"

"ఏం తప్పు?"

"ఊరికే, మాటవరసకండి."

"మాటవరస తప్పుకి మాటవరస జవాబే వస్తుంది. కూర్చో."

పాఠం అయిపోయి అందరూ వెళ్లిపోయారు. పైడిరాజుగారు వెళ్లలేదు. చాపలు చుట్టే పని నాది కాబట్టి నేనూ ఉన్నాను. నేనున్నానని ఆయన ముందు రైళ్ల సంగతేదో మాట్లాడి, ఇక ఆగలేక అంతా చెప్పేశారు.

తప్పు ఆయన కోడలి సోఫా మీద ఉంది. ఝాన్సీ ఉద్యోగంలో చేరాక తన జీతంతో మొదటిసారి కొనుక్కున్న వస్తువది. మీగడ రంగు గుడ్డ. ఇంటికి తెచ్చిన రోజునే ఆ అమ్మాయి "దీనిమీద కూర్చుని ఎవరూ భోంచెయ్యొద్దు" అని మర్యాదగానే చెప్పింది. పైడిరాజుగారూ మర్యాదగానే తలూపారు. సోమవారంనాడు కొడుకు, కోడలు, భార్య శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులని ఈయన ఉండిపోయారు. మంగళవారం మధ్యాహ్నం టీవీలో క్రికెట్ వస్తోంది. ఇల్లంతా తనదే. పెద్దమనిషి కంచం ఒళ్లో పెట్టుకుని సోఫా మీద దర్జాగా కూర్చున్నారు. ఎవరో సిక్సర్ కొట్టారు. సొరకాయ దప్పళం కాస్తా కుషన్ మీద పడింది.

కంగారుపడి బట్టల సబ్బు తెచ్చి బరబరా రుద్దారు. పచ్చగా ఉన్న మరక ఆయన కళ్లెదుటే నెత్తురులా ఎర్రబడింది. ఇంకా రుద్దారు. అరచేతంత ఉన్నది విస్తరంత అయింది. దానిమీద ఒక తువ్వాలు పరిచి, తువ్వాలు మీద తాను కూర్చున్నారు. రెండు రోజులుగా కూర్చునే ఉన్నారు. పేపరు అక్కడే, కాఫీ అక్కడే. పక్కింటివాళ్లు పలకరించడానికొస్తే లేచి నిలబడ్డం కూడా మానేశారు.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునే సంగతే. కాని ఆ ఇంట్లో పనిచేసే ముత్యాలమ్మ ఉంది. కిందటి నెలలో ఆవిడ చేతిలో ఒక గాజుకూజా పగిలింది. బుధవారంనాడు ఝాన్సీ ఫోన్ చేసి, "మామయ్యగారూ, ముత్యాలమ్మని సోఫా దగ్గరికి రానివ్వకండి. తడిగుడ్డ పెట్టేస్తుంది. ఇంకొక్కటి పాడుచేసిందంటే మాన్పించేస్తాను" అంది. పైడిరాజుగారు తువ్వాలు మీద కూర్చుని "అలాగేనమ్మా" అన్నారు. ఆ వీధిలో మిగతా ఇళ్లవాళ్లు ముత్యాలమ్మని పనిలో పెట్టుకున్నది ఈ ఇంటివాళ్ల మాట మీదే. ఇక్కడ మాన్పిస్తే అక్కడా మాన్పిస్తారు. శనివారం పొద్దున్న కోడలు వస్తుంది. మరక చూస్తుంది. ఎవరినీ ఏమీ అడక్కుండానే ముత్యాలమ్మ పని పోతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే "అలాగేనమ్మా" అన్నారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన నా వంక గాని టీచరుగారి వంక గాని చూడలేదు.

ఇప్పుడు టీచరుగారు గీతలోంచి ఒక శ్లోకం తీస్తారని నేననుకున్నాను. ఆవిడ ఆ జోలికే పోలేదు.

"పేరంటంలో హారతికి ఎర్రనీళ్లు ఎలా కలుపుతారు?"

"పసుపునీళ్లలో సున్నం వేసండి."

"సున్నం చేసే పనే సబ్బూ చేస్తుంది. తొమ్మిదో తరగతిలో చెప్పాను. ఆ పూట నువ్వు రైళ్లు చూడ్డానికి పోయుంటావు." ఆ తర్వాత మందుచీటీ చెప్పినట్టు చెప్పారు. తెల్లటి పాతగుడ్డ మామూలు నీళ్లలో తడిపి పిండి, మరక అంచునుంచి లోపలికి అద్దాలి. రుద్దకూడదు. గుడ్డకు అంటినప్పుడల్లా మడత మార్చాలి. సబ్బంతా వదిలాక నాలుగు చుక్కల నిమ్మరసం నీళ్లలో కలిపి, ముందు కుషన్ అడుగున ఒక మూల అద్ది రంగు పోవడం లేదని చూసుకుని, అప్పుడు మరక మీద అద్దాలి. ఎరుపు మళ్లీ పసుపవుతుంది. మళ్లీ మంచినీళ్లతో అద్ది ఆరనివ్వాలి. "పసుపుకి అసలు మందు ఎండ. మీ వీధి గుమ్మం ముందు మెట్ల మీద పెట్టు. రేపూ ఎల్లుండీ అక్కడే ఉండనీ."

"వీధిలోనా? అందరూ చూస్తారు టీచరుగారూ!"

"తువ్వాలు కిందికి ఎండ రాదు కదయ్యా" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత జరిగింది పైడిరాజుగారు మరుసటి గురువారం ముప్ఫై మంది ఎదుట తానే చెప్పారు. శుక్రవారం పొద్దున్న, నిమ్మరసం అద్ది ఆరనిచ్చిన కుషన్ తెచ్చి మెట్ల మీద పెట్టి, పక్కనే కుర్చీ వేసుకున్నారట. ఎదురింటి సూర్రావుగారు పాలప్యాకెట్టుతో వస్తూ ఆగి "ఏంటి రాజుగారూ, సోఫా వీధికెక్కింది?" అన్నారు. "కొత్త వాసన పోవాలనండీ" అన్నారు ఈయన. అబద్ధం అంత సులువుగా వచ్చేసరికి ఆయనకే భయమేసింది. ఇంతలో చీపురు పట్టుకుని ముత్యాలమ్మ వచ్చింది. మరక చూసింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాను ముట్టుకోనేదు బాబూ. దేవుడి తోడు. తువ్వాలు కూడా తియ్యనేదు" అంది.

ఇంకా ఎవరూ ఆమెను ఒక్క మాటా అనలేదు. అనకముందే ఒట్టు పెట్టుకుంటోంది. పైడిరాజుగారు కుర్చీలోంచి లేచారు. స్టేషన్లో ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు వస్తే లేచినట్టు లేచానని ఆయనే అన్నారు.

"నువ్వు కాదు ముత్యాలమ్మా. నేను. దప్పళం ఒంపుకున్నది నేనే, సబ్బు రుద్దిందీ నేనే. కోడలు ఫోన్లో నీ మాటెత్తితే నోరు మూసుకున్నదీ నేనే."

ముత్యాలమ్మ చీపురు పక్కన పడేసి మెట్ల మీద కూలబడిపోయిందట. "మీరా బాబూ! ఆ తువ్వాలు కింద ఏటున్నాదో, నా వల్ల ఏటైపోనాదో అని నాకు అన్నం సయించనేదు" అని ముందు ఏడ్చి, తర్వాత కుషన్ వంక చూసి, "అయితే మాత్రం, పసుపు మీద సబ్బెట్టి తోమేత్తారేటి బాబూ!" అని నవ్వింది. ఆ నవ్వు వినేసరికి పైడిరాజుగారికి మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టయింది. అప్పుడే సూర్రావుగారిని కేకేసి "కొత్త వాసన కాదండీ, నా దప్పళం" అని చెప్పారు. ఆ తర్వాత ఇక ఆయన్ని ఆపేవాడు లేడు. కూరగాయల బండి అతనికీ చెప్పారు, పోస్టుమాన్‌కీ చెప్పారు, దారి అడగడానికి ఆగిన ఊరుగానివాడికీ చెప్పారు. మధ్యాహ్నం ఆకలేసింది. మంగళవారం తర్వాత ఆకలని తెలిసి తిన్నది ఆ పూటేనట, అదీ వంటింట్లో పీట మీద కూర్చుని.

శనివారం ఆటో దిగిన ఝాన్సీకి మొట్టమొదట కనిపించింది కుషనే. అప్పటికి మరక చాలావరకు పోయి, దగ్గరగా వంగి చూస్తే తెలిసేంత లేతపసుపు మిగిలింది. ఆ అమ్మాయి వంగి చూసింది. తలెత్తి, నీళ్ల బిందెతో నిలబడ్డ ముత్యాలమ్మ వైపు తిరగబోయింది.

"ఇటు చూడమ్మా. అది నేను చేసింది" అన్నారు పైడిరాజుగారు. ఫోన్లో తాను మింగేసిన మాటా కక్కేశారు. కోడలికి కోపం వచ్చింది. "సోఫా సంగతి సరే మామయ్యగారూ, అన్యాయంగా నాచేత ఒక మనిషిని మాన్పించేసేవారు కదా!" అంది. ఆయన "అవునమ్మా" అన్నారు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి, మొహం కడుక్కుని, ముత్యాలమ్మకు తానే కాఫీ కలిపి తెచ్చింది. మామగారికి మాత్రం ఓ అరగంట ఆగి ఇచ్చింది. అంత ఆలస్యంగా వచ్చినా, అంత మంచి కాఫీ తన జన్మలో తాగలేదని ఆయన చెబుతుంటే గదంతా గొల్లుమంది. ఇప్పుడు మరక ఎక్కడుండేదో ఆయనే వేలు పెట్టి చూపించలేరట.

ఇంత చెప్పి కూర్చోబోతూ, ఆయనకు ఏదో తట్టినట్టు మళ్లీ నిలబడ్డారు. పాతగొంతు తిరిగి వచ్చింది.

"అవునుగాని టీచరుగారూ, మా మేడ మీద వీధిలో కంటే ఎండ ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. అక్కడికి ఎవరూ రారు కూడాను. అక్కడ పెట్టినా మరక పోయేదే కదండీ?"

టీచరుగారు కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు.

"పోయేదే నాయనా. ఆ మరక పోయేది."