మంగతాయి ఆరేసిన వడియాలు

పేర్రాజు మేస్త్రిగారికి ఒక అలవాటుంది. మనుషుల గురించి ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో ఉన్న బ్యాటరీ సంగతి తేలేదాకా ఆగమంటారు. కరెంటు లైను వెళ్లని గోదావరి లంకల్లో ఇరవై ఏళ్లుగా సోలారు దీపాలు బాగుచేస్తూ బతికిన మనిషి ఆయన. రెండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వీరవేణికి ఈ అలవాటు చూస్తే ఒళ్లు మండేది. ఆ మాట ఆయన మొహం మీదే అనేది కూడా. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆ రోజు పొద్దున్నే రేవులో పడవ ఎక్కుతూ వీరవేణి అడిగింది. "గురువుగారూ, మా సుమశ్రీని బడి మాన్పించేద్దామనుకుంటున్నానండీ. ఐదో తరగతి దాకా ఫస్టున వచ్చిన పిల్ల, ఎనిమిదికొచ్చేసరికి పుస్తకం ముందేసుకుని జోగుతోంది. లెక్కల్లో సున్నాలు. దాని బుర్రలో ఉన్నది అంతేనేమో! నెలాఖరుకి కుట్టుమిషను నేర్చుకోడానికి పెట్టేస్తాను. మీరేమంటారు?" అడుగుతూనే మొహం నీళ్ల వైపు తిప్పుకుంది. ఆ పిల్ల టీచరమ్మ అవుతుందని ఊళ్లో అందరికీ చెప్పుకుని తిరిగిన తల్లి మరి.

మేస్త్రిగారు కాళ్ల దగ్గర సంచి సర్దుకున్నారు. "మంగతాయి బ్యాటరీ సంగతి తేలనీ అమ్మాయ్, చెబుతాను."

"నా కూతురికీ ఆవిడ బ్యాటరీకీ ఏం చుట్టరికమండీ బాబూ!" అని గొణిగి, లంక ఒడ్డు తగిలేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

మంగతాయిది అరటితోట మధ్య ఒంటరి పాక. మూడేళ్ల కిందట పెట్టించిన బ్యాటరీ కొత్తలో తెల్లారేదాకా దీపాన్నీ ఫ్యానునీ మోసేది. ఇప్పుడు సాయంత్రం ఏడు కొట్టేసరికి దీపం ఎర్రబడిపోతోంది. పాములు తిరిగే లంక కావడంతో, చీకటి పడితే ఆవిడ మంచం దిగడమే మానేసింది.

వీరవేణి మీటరు పెట్టి చూసింది. "పదమూడు వోల్టులు చూపిస్తోందండీ. నిండుగానే ఉంది." మేస్త్రిగారు సోలారు పలక నుంచి వచ్చే తీగ ఊడదీసి, సంచిలోంచి కారు హెడ్‌లైటు బల్బు తీసి బ్యాటరీకి కట్టారు. బల్బు తెల్లగా వెలిగింది. మీటరులో అంకెలు మాత్రం చూస్తుండగానే జారడం మొదలుపెట్టాయి. అరగంటకి వెలుగు పసుపెక్కిపోయింది.

"పని చెప్పకపోతే ప్రతిదీ నిండుగానే కనబడుతుంది," అన్నారాయన.

"అయితే బ్యాటరీ లోపలి ప్లేట్లు చచ్చాయండీ. పాత సామాన్లో వేసేయాల్సిందే."

"అబ్బో, తొందరే!" అంటూ ఆయన బ్యాటరీ మూతలు ఆరూ విప్పించారు. గాజుగొట్టంతో ఒక్కో గదిలోంచీ ఆసిడ్ పీల్చి చూడమన్నారు. ఛార్జు తగ్గేకొద్దీ కిందికి దిగే గొట్టంలోని బుడ్డి ఆరింటిలోనూ ఇంచుమించు ఒకే లోతుకి మునిగింది. "ఒక గది తేడాగా ఉంటే అది జబ్బు. ఆరూ ఒకేలా నీరసపడ్డాయి, చూశావా? ఇది జబ్బు కాదు, ఆకలి. కడుపు నింపకుండా దీని సత్తువెంతో మనం ఎలా చెబుతాం?"

ఆ మాట అంటుండగానే మంగతాయి పిండిగిన్నె చంకన పెట్టుకుని తడిగుడ్డతో వచ్చింది. ఏడాదిగా వడియాలు పెట్టి ఒడ్డున ఉన్న కొట్లకి వేస్తోందావిడ. తిన్నగా వెళ్లి పాక పక్కన కొద్దిగా వాలుగా నిలబెట్టిన సోలారు పలక మీద కింది సగానికి గుడ్డ పరిచి, అంచులకు క్లిప్పులు పెట్టి, చక్కగా వరసలు తీర్చి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. మేస్త్రిగారికి నవ్వాగలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఎందుకండీ అలా నవ్వుతారు!" అంది మంగతాయి చిన్నబుచ్చుకుని. "నేల మీద పెడితే ఇసుక, మంచం మీద పెడితే కోళ్లు. ఈ అద్దం ఎంచక్కా నున్నగా ఉంది. అయినా నేనేం అన్యాయం చేయలేదండి. సగమే కప్పుతున్నాను. మిగతా సగం దానికే వదిలేశాను కదా!"

మేస్త్రిగారు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. వీరవేణిని పిలిచి పలక నుంచి వచ్చే కరెంటు కొలవమన్నారు. సగం కప్పితే సగమైనా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. అందులో పదో వంతు కూడా రావడం లేదు. పలకలోని గళ్లన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి; కొన్నిటికి ఎండ అందకపోతే మిగతావీ ఆగిపోతాయి. ఆయన ఆ పూటంతా కూర్చుని వెదురుబద్దలతో తడక అల్లి, తలెత్తున కట్టి, వడియాల గుడ్డ దాని మీదికి మార్చారు. "పది రోజులు కడుపారా తిననియ్యి తల్లీ," అని చెప్పి పడవెక్కారు.

పదో రోజున మళ్లీ వెళ్లారు. మిట్టమధ్యాహ్నం పలక తీగ ఊడదీసి అదే బల్బు కట్టారు. వీరవేణి దాన్ని కనిపెట్టుకుని కూర్చుంది. గంట, రెండు గంటలు, నాలుగు గంటలు. పొద్దు వాలి గోదావరి ఎర్రబడినా బల్బు తెల్లగానే ఉంది.

"కొత్తప్పటంత ఉండదు," అన్నారు మేస్త్రిగారు మీటరు చూసి. "ఇన్నాళ్ల పస్తు కొంత తినేసింది. కానీ పనికొస్తుంది."

వీరవేణికి సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "దీన్నేనా అండీ నేను పాత సామాన్లో వేసేయమన్నది!" అని బ్యాటరీ మీద చెయ్యి వేసింది. మంగతాయి ఇచ్చిన వడియాల పొట్లం సంచిలో పెట్టుకుంటూ, "మరి నా మాటకి జవాబేదండీ గురువుగారూ? నెలాఖరు వచ్చేస్తోంది," అంది.

"పిల్ల పొద్దున్న ఎన్నింటికి లేస్తుంది?"

"నాలుగింటికండీ. నేను మీతో పొద్దున్నే రేవుకి వచ్చేయాలి కదా! గేదె పాలు పితికి, నీళ్లు పట్టి, అన్నం వండి, తమ్ముణ్ణి తయారు చేసి బడికెళ్తుంది. సాయంత్రం మళ్లీ గేదె, గిన్నెలు, వాడి అన్నం. అదంతా ఎంతండీ, చిన్నచిన్న పనులే. చదువుకోడానికి మిగతా టైమంతా దానికే..."

వీరవేణి తడక మీద వడియాల గుడ్డ దులుపుతున్న మంగతాయి వైపు చూసింది. తర్వాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చేసింది.

మేస్త్రిగారు ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగారు. వంగి బల్బు విప్పి, పలక తీగ యథాస్థానంలో బిగించి, సంచి భుజాన వేసుకున్నారు.

"మంగతాయి కూడా సగమేనంది కదమ్మా," అన్నారు మెల్లగా. "పద, పొద్దుండగానే ఇల్లు చేరుదువుగాని. పిల్లని కూడా ముందు నింపి చూడు."